క్రిస్మస్ పేజీ నెల రోజుల ముందే వేయండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారములు. గత సంవత్సరం డిసెంబరు 24వ తేదీన మీ పత్రిక మహిళల పేజీలో క్రిస్మస్ కేకు తయారీ విధానం ప్రచురించారు. కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీలు, టూటీఫ్రూటీ, నారింజ తొక్కు సన్నగా తరిగి కనీసం మూడు వారాల పాటు రమ్ములో నానబెట్టుకోవాలని అందులో మొట్టమొదటి వాక్యంలోనే ఉంది. పండుగ ఆ మరునాడే. పేజీ చాలా అందంగా ఉంది, కొలతలు కూడా సరిగానే ఉన్నాయి, కానీ దానిని చదివి ఆ ఏటి పండుగకు కేకు చేసుకోగలిగిన మనిషి తెలుగునాట ఎక్కడా ఉండి ఉండరు. దసరాకు, సంక్రాంతికి మీరు పిండివంటల పేజీలను వారం పది రోజుల ముందే వేస్తారు. క్రిస్మస్ విషయానికి వచ్చేసరికి మాత్రం ఏటా 24నో, ఒక్కొక్కసారి సరిగ్గా 25ననో వేస్తున్నారు. ఈ సంవత్సరమైనా నవంబరు నెలాఖరుకే ఆ పేజీ రావాలని కోరుతూ, అలా కోరడానికి గల కారణాలను కొంచెం వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైనందుకు విసుక్కోవద్దు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్ళింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సంతలో ఏ భాష అక్కరకు వస్తే ఆ భాష మాట్లాడతారు. తెలుగు చదవడం, రాయడం మిగిలిన చోట్లు మాకు రెండే: ఒకటి ఉదయం ఇంటికి వచ్చే మీ పత్రిక, రెండోది మా క్రైస్తవ గుడిలో చేతికి తీసుకునే కీర్తనల పుస్తకం. ఆ పుస్తకంలోని కీర్తనలు ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో ఈ పర్లాకిమిడి ప్రాంతంలోనే జన్మించారన్న సంగతి అటు గోదావరి, కృష్ణా జిల్లాలలో ఆ కీర్తనలు పాడుకునే వారిలో చాలామందికి తెలియదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మా జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులు. వారిలో ఎక్కువమంది కొండలలోని సవరలు, పట్నంలో మా వంటి తెలుగు కుటుంబాలు, ఒడియా కుటుంబాలు ఉన్నాయి. అందువల్ల మా దగ్గర డిసెంబరు నెల ఏదో కొద్దిమంది ఇళ్ళలో జరిగి పోయే వ్యవహారం కాదు, ఊరికంతటికీ పట్టే సందడి.

అసలు విషయానికి వస్తాను. క్రిస్మస్ ఒక్క రోజు పండుగ కాదు. సంఘాల పద్ధతిని బట్టి దానికి ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం ఉంటుంది. ఆ కాలంలో మొదటి ఆదివారం ఎప్పుడూ నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్యనే పడుతుంది. రోము నగరంలో డిసెంబరు 25న క్రీస్తు జన్మదినం ఆచరించినట్లు మనకు దొరికే తొలి దాఖలా 336వ సంవత్సరానిది. ఆ తరువాతి శతాబ్దాలలో పండుగకు ముందు వారాలు ఉపవాస దినాలుగా స్థిరపడ్డాయి. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో ఆ రోజులలో వెన్న, పాలు కూడా ముట్టుకోకూడదన్న నియమం ఉండేది. వారు క్రిస్మస్‌కు చేసుకునే ఎండుఫలాల రొట్టెను అందుచేత నూనెతోనే చేసుకోవలసి వచ్చేది. దాని రుచి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఆ నియమాన్ని సడలించమని అక్కడి పాలకులు రోముకు పదే పదే అర్జీలు పెట్టుకోగా, చివరకు 1491లో ఎనిమిదో ఇన్నోసెంట్ పోపు వెన్న వాడుకోవడానికి అనుమతి ఇచ్చాడు. నేటి కేకులో మనం అంత ధారాళంగా వేసే వెన్న వెనుక ఇంత కథ ఉంది. నాలుగు వారాలు నోరు కట్టుకున్న మనిషికి ఇరవై ఐదో తేదీన దొరికే తీపికి ఉన్న విలువ, డిసెంబరు ఒకటో తేదీ నుంచి రోజుకొక చోట కేకు తింటున్న మనిషికి దొరికే తీపికి ఉండదు.

ఈ సంగతి నేను పుస్తకాలలో చదివి నేర్చుకున్నది కాదు. మా అమ్మ పుట్టిల్లు కోరాపుట్ జిల్లాలోని జయపురం. అక్కడి సంఘం లూథరన్ సంఘం, దానికి పునాది వేసినవారు 1882లో జర్మనీ ఉత్తర భాగంలోని బ్రెక్లుం అనే ఊరి మిషన్ నుంచి వచ్చిన బోధకులు. మా తాతగారింట్లో ఆగమన కాలం రాగానే గుమ్మం పక్కన బల్ల మీద ఆకులతో చుట్టిన ఒక చక్రం, దాని మీద నాలుగు కొవ్వొత్తులు పెట్టేవారు. మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా నాలుగో ఆదివారానికి నాలుగూ వెలిగేవి. ఆ చక్రాన్ని మొదట ఏర్పాటు చేసినవాడు వీహెర్న్ అనే పాస్టరు. 1839లో హాంబర్గు నగరంలో బీద పిల్లల కోసం తాను నడుపుతున్న ఆశ్రమంలో, పండుగ ఎప్పుడు, ఇంకా ఎన్ని రోజులని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక పాత బండిచక్రం మీద ఇరవై చిన్న ఎర్ర కొవ్వొత్తులు, నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు నిలబెట్టి రోజుకొకటి వెలిగించాడు. పిల్లలు లెక్కలు కూడా నేర్చుకున్నారని చెబుతారు. మా తాతగారింట్లో చక్రానికి సరుగుడు రెమ్మలు చుట్టేవారు, అవి సముద్రం వైపు నుంచి ఎవరో ఒకరు తెచ్చేవారు. నా పెళ్ళై పర్లాకిమిడి వచ్చాక ఇక్కడి బాప్టిస్టు ఇళ్ళలో ఆ చక్రమూ లేదు, ఆ పేరూ లేదు. కానీ ఎదురుచూడడం మాత్రం ఇక్కడా ఉంది, అది వంటింట్లో ఉంది.

మా అత్తగారి అమ్మగారు కెనడా బాప్టిస్టు మిషన్ బంగళాలో వంట నేర్చుకున్నారు. ఆవిడ దగ్గర మా అత్తగారు, మా అత్తగారి దగ్గర నేను కేకు నేర్చుకున్నాం. ఆ పద్ధతిలో తూకం ఒక్కటే గుర్తు పెట్టుకోవాలి: పావు కిలో మైదా, పావు కిలో వెన్న, పావు కిలో పంచదార, వాటికి సరితూగే అయిదు కోడిగుడ్లు. ఎండుఫలాలు అర కిలో వరకు పడతాయి. ఇంకొంత పంచదారను వేరే మూకుడులో మాడీమాడనట్టు నల్లగా కాచి, అందులో వేడినీళ్ళు జాగ్రత్తగా ఒంపి (చేతి మీద చిట్లుతుంది, పిల్లలను దూరంగా ఉంచాలి), ఆ పాకం చల్లారాక పిండిలో కలిపితేనే కేకుకు ఆ ముదురు రంగు వస్తుంది. ఎండుఫలాలను ముందుగా నానబెట్టాలని ఎందుకు అంటారంటే, నానని ఎండుఫలం పిండిలో ఉన్న తడిని తానే పీల్చుకుంటుంది. అప్పుడు కేకు కాలడం బాగానే కాలుతుంది కానీ రెండో రోజుకే పొడిబారిపోతుంది. నానినదైతే తడిని తిరిగి ఇస్తుంది, చేసిన పదిహేను రోజులకు కూడా మెత్తగా ఉంటుంది. కలిపే ముందు వాటి మీద చెంచాడు పొడిమైదా చల్లకపోతే అన్నీ అడుగుకు దిగిపోతాయి. జీడిపప్పుకు మాకు కొదవ లేదు, పలాస దగ్గరే.

ఇక్కడ మీ పేజీ మీద నా రెండో అభ్యంతరం. రమ్ము అని రాశారు. బాప్టిస్టు ఇళ్ళలో సారా సీసా గడప దాటి లోపలికి రాదు. కేకు కోసమని చెప్పినా రాదు. అలాంటి ఇళ్ళు మా జిల్లాలో, శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని వేలు ఉన్నాయో మీ విలేకరులనే అడగండి. మేము ద్రాక్షరసంలోనో, నారింజరసంలోనో నానబెడతాము. అయితే రమ్ములో లాగా పళ్ళరసంలో వారాల తరబడి బయట ఉంచకూడదు, పులిసిపోతుంది. ఎండుఫలాలను రసంలో వేసి సన్నని సెగ మీద ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి, మూత గట్టిగా ఉన్న గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, అయిదారు రోజులలో వాడేసుకోవాలి. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల ఎంతమంది ఇది మనకు కాదులే అని పేజీ తిప్పేసి ఉంటారో. కేకు మనకు కాదన్నది నిజం కూడా కాదు. ఇండియాలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలశ్శేరిలో మంబల్లి బాపు అనే బేకరీ యజమాని చేశాడని చెబుతారు. మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకు ముక్క రుచి చూపించి, ఇలాంటిది చేయగలవా అని అడిగితే, బాపు దొరికిన వాటితో, అక్కడి పళ్ళతో, అక్కడి మసాలా దినుసులతో తన పద్ధతిలో చేసి ఇచ్చాడట. దొర ఇంకా కావాలని అడిగాడని కూడా అంటారు. అంటే మన దేశంలో కేకు పుట్టిందే ఉన్నవాటితో సర్దుకుని చేయడంలో పుట్టింది. పళ్ళరసం వాడితే అసలైనది కాకుండా పోతుందేమోనని ఎవరూ బెంగపడనక్కర లేదు.

ఓవెన్ సంగతీ అంతే. మీ పేజీలో 180 డిగ్రీల ఓవెన్ అన్నారు. మా ఇళ్ళలో చాలా కాలం కిరసనాయిలు డబ్బాయే ఓవెను. డబ్బా అడుగున ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి, కింద బొగ్గులు, పైమూత మీద బొగ్గులు వేసి కాల్చేవారు. తరువాత కుక్కరు వచ్చింది: ఇసుకో, ఉప్పో అంగుళం మందాన పోసి, మూతకు ఉండే రబ్బరు రింగు, పైన ఉండే వెయిట్ రెండూ తీసేసి, సన్నని మంట మీద సుమారు గంట సేపు ఉంచితే చాలు. పుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకూడదు, అదే పరీక్ష. మా పక్కింటి ఒడియా అమ్మగారు మొదటిసారి ఈ డబ్బా ఓవెనును చూసి, ఇది మా పోడ పిఠా కాల్చే పద్ధతే కదా అన్నారు. నిజమే. జూన్‌లో వచ్చే రొజొ పండుగకు వాళ్ళు బియ్యం, మినప్పప్పు రుబ్బి పులియబెట్టిన పిండిలో బెల్లం, కొబ్బరి, అల్లం కలిపి, అరటాకులో చుట్టి, కింద నిప్పులు, మీద నిప్పులు వేసి రాత్రంతా కాలుస్తారు. తెల్లవారి ఆకు విప్పితే పైన నల్లగా, లోపల మెత్తగా ఉంటుంది. బంగళాల నుంచి కేకు రాకముందే మా వీధిలో కాల్చిన తీపిరొట్టె ఉందన్నమాట. సరిహద్దు జిల్లాల వంటల మీద మీరు ఎప్పుడైనా ఒక పేజీ వేయదలచుకుంటే ఈ పోడ పిఠాతో మొదలుపెట్టమని నా సలహా. అయితే నేను చెప్పవచ్చింది అది కాదు.

కేకు గురించే ఇంత రాశాను కానీ, మా పండుగకు కేకు రెండో స్థానంలోనే ఉంటుంది. మొదటి స్థానం అరిసెలది. కేకు ఇంటికి ఒకటో రెండో, అరిసెలు మాత్రం డబ్బాల కొద్దీ. బియ్యం ఒక రాత్రీ పగలూ నానాలి, నీళ్ళు మారుస్తూ ఉండాలి, తడి ఆరకముందే పిండి కొట్టించాలి, పిండి ఆరిపోకుండా మూటగట్టి పెట్టి వెంటనే పాకం పట్టాలి. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే చేతికి ఉండగా రావాలి, గట్టిపడితే అరిసె రాయి అవుతుంది, పలచబడితే నూనెలో విచ్చిపోతుంది. కొత్త బియ్యంతోనే అరిసె మెత్తగా వస్తుందని మా అమ్మ, ఏడాది పాత బియ్యమైతేనే పాకాన్ని పట్టి ఉంచుతుందని మా అత్తగారు జీవితాంతం వాదించుకున్నారు. ఇద్దరి అరిసెలూ బాగానే ఉండేవి. పాకం చేరువకు వచ్చినప్పుడు గరిటె తిప్పడం ఒకరి వల్ల కాదు, పిండి పోసేవారు ఒకరు, కలిపేవారు ఇద్దరు, వత్తేవారు, వేయించేవారు, రెండు చెక్కల మధ్య నొక్కి నూనె పిండేవారు, ఇంతమంది ఉండాలి. అందుకే మా వీధిలో అరిసెల రోజులు వంతుల ప్రకారం ఉంటాయి. డిసెంబరు పదిహేను దాటితే పిండి మర ముందు గిన్నెల వరుస మొదలవుతుంది. అరిసెలు అయ్యాక గులాబీ పువ్వులు: బియ్యప్పిండి, మైదా, కోడిగుడ్డు, కొబ్బరిపాలు కలిపిన జారుపిండిలో వేడి నూనెలో కాగిన అచ్చును మూడు వంతులే ముంచాలి, పూర్తిగా ముంచితే పువ్వు అచ్చును వదలదు. గవ్వలు పిల్లల పని. బల్ల చుట్టూ కూర్చుని దువ్వెన వెనక వైపున చిన్న ఉండలను దొర్లిస్తూ గంటల తరబడి చేస్తారు, సగం పచ్చిపిండి తినేస్తారు.

ఇంగ్లండులో ఆగమన కాలానికి ముందు వచ్చే ఆదివారం క్రిస్మస్ పుడ్డింగు కలిపే రోజు. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ, చిన్నపిల్లలతో సహా, ఒక్కసారైనా గరిటె తిప్పాలని అక్కడి ఆచారం. ఆ ఆచారం మన అరిసెల పాకానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. పండుగకు చేసే వంటలో పదిమంది చెయ్యి పడాలన్న ఆలోచన ఏ దేశంలో ఉన్నా ఒకటే. మూడు నెలలుగా మాట్లాడుకోని తోడికోడళ్ళు పాకం దగ్గర మాట్లాడుకోక తప్పదు. ఇది నేను కళ్ళారా చూశాను, పేర్లు రాయను.

ఇలా చేసినవన్నీ ఎవరికి అన్నది ఇంకొక ముఖ్యమైన విషయం. ఇంటివాళ్ళు తినేది తక్కువ. గుణుపురంలో, టెక్కలిలో, విశాఖపట్నంలో ఉన్న ఆడపిల్లలకు డబ్బాలు వెళ్ళాలి, కొన్ని డబ్బాలు నౌపడ - గుణుపురం రైలులో ఎవరో ఒకరి చేతికి అప్పగించి పంపుతాము. కేరల్స్ పాడుతూ రాత్రి పదకొండుకో పన్నెండుకో వచ్చే కుర్రవాళ్ళకు అల్లం టీతో పాటు పెట్టాలి. వాళ్ళు ఒక పాట తెలుగులో, ఒక పాట ఒడియాలో, వారిలో కొండ పిల్లలు ఉంటే ఒకటి సవర భాషలో పాడతారు. తరువాత వీధిలో క్రైస్తవులు కాని ఇళ్ళన్నింటికీ పళ్ళాలు వెళ్ళాలి. ఆ పళ్ళాలు ఖాళీగా తిరిగి రావు. మార్గశిర గురువారాలలో ఒడియా ఇళ్ళలో లక్ష్మీపూజలు, పిఠాలు ఉంటాయి, మూడు వారాలు తిరగకముందే సంక్రాంతి వస్తుంది, తెలుగు ఇళ్ళ అరిసెలు మా ఇంటికి వస్తాయి. ఎవరి అరిసెలు మెత్తగా ఉన్నాయన్న విమర్శలు జనవరి నెలాఖరు దాకా సాగుతాయి. గుమ్మ, సెరంగో వైపు కొండ గ్రామాలలో బంధువులు, తెలిసినవాళ్ళు ఉన్న కుటుంబాలు పండుగ మరునాడు అటు బయలుదేరుతారు. అక్కడ కేకు ఉండదు, ఊరంతా కలిసి వండుకున్న అన్నం, కూర గుడి ముందు వరుసగా కూర్చుని తింటారు. సత్రంలో చోటు దొరకని తల్లి పశువుల పాకలో బిడ్డను కన్న కథను చెప్పుకునే పండుగలో, వచ్చినవారికి చోటు లేదనకుండా పెట్టడమే ఆచారంగా నిలిచింది. పాస్టర్లు ప్రసంగంలో చెప్పేదానికన్నా ఆ వరుసలో కూర్చుంటే ఎక్కువ అర్థమవుతుందని నా అభిప్రాయం.

ఇప్పుడు ఇదంతా పలచబడుతోంది. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ పేరుతో కార్యాలయాలలో, కళాశాలలలో, కల్యాణ మండపాలలో కేకు కోయడం మొదలవుతుంది. పది కిలోల క్రీము కేకు, దాని వెనుక పది మంది పెద్దమనుషులు, చేతిలో ప్లాస్టిక్ కత్తి, ఎదురుగా ఫోటోలు తీసేవారు. ఆ ఫోటోలు మీ పత్రిక జిల్లా పేజీలలో వరుసగా వస్తాయి. అలాంటి సభలలో అన్ని మతాలవారూ కలుస్తారు, అది మంచిదే, కాదనను. కానీ నాలుగు వారాలు ఎదురుచూడవలసిన పండుగను నాలుగు వారాల ముందే కోసి పంచేస్తే ఇరవై ఐదో తేదీకి మిగిలేదేమిటి? మా మనవరాలు కిందటేడు పండుగనాడు కేకు వద్దంది, అప్పటికే విసుగెత్తిపోయిందట. బేకరీ కేకు కొనుక్కోవద్దని నేను అనడం లేదు. ఉద్యోగాలు చేసే కోడళ్ళకు మూడు రోజులు పిండివంటలకు కూర్చునే వీలు ఎక్కడిది? ఆ వీలు లేదు కనుకనే ముందుగా తెలియాలి అంటున్నాను. నవంబరు చివరి ఆదివారం పేజీ వస్తే ఒక ఆదివారం ఎండుఫలాలు తరిగి పెట్టుకోవచ్చు, ఇంకొక ఆదివారం కేకు కాల్చి నిలవ పెట్టుకోవచ్చు, మూడో ఆదివారం గవ్వలు, నాలుగో ఆదివారం అరిసెలు. ఎండుఫలాల కేకు చేసిన రోజుకన్నా వారం రెండు వారాలు ఆగాకనే రుచిగా ఉంటుంది, గాలి తగలకుండా కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే చాలు. ఆదివారాలలో పని పంచుకుంటే మగవాళ్ళకూ, పిల్లలకూ అందులో వంతు ఉంటుంది. 24వ తేదీన పేజీ వస్తే బేకరీకి పరుగెత్తడం తప్ప వేరే దారి ఉండదు.

కనుక సంపాదకుల వారికి నా విన్నపం ఇది. ఆగమన కాలం మొదటి ఆదివారం నాటి అనుబంధంలో క్రిస్మస్ వంటల పేజీ వేయండి. హోటళ్ళ చెఫ్‌లు చెప్పినవి ఒకటి రెండు ఉండనివ్వండి, కానీ ఇళ్ళలో చేసుకునేవి ఎక్కువ వేయండి: ఓవెన్ లేనివారికి కుక్కరు పద్ధతి, మద్యం వాడనివారికి పళ్ళరసం పద్ధతి, గుడ్డు తిననివారికి పెరుగుతో చేసే పద్ధతి, మైదా తగ్గించుకునేవారికి చోడిపిండి (రాగిపిండి) కలిపే పద్ధతి. మా వైపు చోళ్ళు బాగా పండుతాయి. మైదాలో మూడో వంతు వరకు చోడిపిండి కలిపి బెల్లంతో చేసిన కేకు నేను చేస్తుంటాను, అంతకు మించి చోడిపిండి వేస్తే మాత్రం విరిగిపోతుంది. మైదాకు గ్లూటెన్ అనే జిగురు ఇచ్చే పట్టు చోళ్ళకు లేదు. ఏటా అదే పేజీలో వచ్చే నాయకుల శుభాకాంక్షల స్థానంలో, ఆగమన కాలం అంటే ఏమిటో, ఆ నాలుగు ఆదివారాలలో ఏయే వాక్యభాగాలు చదువుతారో ఒక పాస్టరు గారి చేత అర పేజీ రాయించండి. క్రైస్తవులు కాని పాఠకులకు కూడా పక్కింటివారు డిసెంబరంతా ఎందుకు హడావుడిగా ఉంటారో తెలుస్తుంది. బరంపురం, రాయగడ, కోరాపుట్, పర్లాకిమిడిలలో మీ పత్రిక చదివే తెలుగు ఇళ్ళ నుంచి కూడా వంటలు అడగండి. మేము ఒడిశాలో ఉన్నామని మా వంటింట్లో తెలుగు తక్కువగా ఏమీ లేదు, పైగా ఒడియా పిఠాలు కొన్ని అదనం.

మా అత్తగారి కేకు, మా అమ్మ అరిసెలు, పళ్ళరసం పద్ధతి మూడింటినీ పాత కొలతలు మానికలలో, సోలలలో ఒక వైపు, గ్రాములలో ఒక వైపు రాసి నవంబరు మొదటి వారంలోగా మీ కార్యాలయానికి పోస్టులో పంపుతాను. పేరు వేయనక్కర లేదు. పేజీ ఏ తేదీన వస్తుందో ముందుగా పత్రికలో రెండు పంక్తులు ప్రకటిస్తే మేలు. మా ఊరికి వచ్చే ప్రతులు తక్కువ, ఆ రోజుకు అదనంగా కావలసినవి ఏజెంటు గారికి ముందే చెప్పి పెట్టుకోవాలి, గుణుపురంలోని మా ఆడపడుచుకు ఒకటి పంపాలి.

ఇట్లు,
మీ పత్రిక చిరకాల పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.